సంచి మూతి కుట్టు

కుర్చీ చూపించినా టైలరమ్మ కూర్చోలేదు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చేతిసంచీలోంచి పిడికెడంత రాయి తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న మధ్యాహ్నం కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చి నా మిషను పక్కన పడిందండీ ఇది. కాస్త ఇటు పడుంటే నా తల పగిలేది. కుక్కల్ని నేనే చంపుతున్నానట. వీధి వీధంతా అదే మాట. రేపోమాపో పోలీసు కంప్లైంటు ఇస్తారట. నేను చంపలేదండీ!"

డిటెక్టివమ్మ రాయి వంక చూడలేదు. మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. "ముందు ఇవి తాగండి. తర్వాత మొదట్నుంచీ చెప్పండి. ముఖ్యం కాదనిపించింది కూడా చెప్పండి."

మూల బల్ల దగ్గర కాంపౌండరు పెన్ను మూత తీశాడు. ఒకప్పుడు పన్నెండేళ్లు ఓ డాక్టరు దగ్గర మందులు కలిపిన మనిషి. ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివమ్మ దగ్గర చేరి ఆరేళ్లయినా పాత పేరు అతన్ని వదల్లేదు. యాభై దాటిన ఈ సన్నపాటి డిటెక్టివమ్మ, ఒకప్పుడు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని పట్టుకుని కళ్లద్దాలు మందమైన ఈ ఆడమనిషి, ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివాళ్లకి తమకు తెలుసని తమకే తెలియని సంగతులు గుర్తొస్తాయి. ఆ విద్య చూస్తూ కూర్చోవడానికే జీతం లేకపోయినా వచ్చేవాడినేమో అని అతను అప్పుడప్పుడూ అనుకుంటాడు. పైకి మాత్రం ఎన్నడూ అనలేదు.

టైలరమ్మ చెప్పింది. ఆవిడది మిద్దె ఇళ్లు బారులు తీరిన ఒక వీధి. పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు గారి కుక్క 'సిపాయి' రెండు నెలల క్రితం ఆవిడ ఆరేసిన ఓ ఖాతాదారు కొత్త కోటును చీల్చి పోగులు పెట్టింది. "ఈ పీడ ఎప్పుడు విరగడవుతుందో!" అని ఆవిడ నలుగురూ వినేలా అరిచింది. పోయిన వారం సిపాయి చచ్చిపోయింది. ఎదురింటి నర్సు కుక్క మూడు రోజులుగా లేవడం లేదు. ఎలుకల మందు లాంటిదేదో పెట్టి ఉంటారని పశువుల డాక్టరు అన్నాడు.

"మీ ఇంట్లో ఎలుకల మందు ఉందా?" అంది డిటెక్టివమ్మ.

టైలరమ్మ మొహం పాలిపోయింది. "ఉందండీ. బట్టలు కొరికేస్తున్నాయని కొన్నాను. లేదని మీతో అబద్ధమాడలేను."

"సంతోషం. ఆ పెట్టె పారేయకండి. మేం వస్తున్నాం."

*

పోస్టుమాస్టరు గారి వసారాలో సిపాయి గొలుసు ఇంకా మేకుకే ఉంది. ఆయన దాని వైపు చూడకుండా ఉండడానికి కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు.

"ఎన్ని నీళ్లు తాగేదో తెలుసా తల్లీ! గిన్నె నింపిన ఐదు నిమిషాల్లో ఖాళీ. తర్వాత వాంతులు. తర్వాత తిండి మానేసింది. రక్తంలో కాల్షియం పెరిగిందన్నాడు డాక్టరు. తొమ్మిదేళ్ల తోడు. పోస్టుమాన్‌గా ఉత్తరాలు పంచే రోజుల్లో ఏ కుక్కను చూసినా నాకు భయమే. రిటైరయ్యాక వాడొచ్చి ఆ భయం పోగొట్టాడు." గోడ వైపే చూస్తూ అన్నాడు. "ఆవిడకి నామీద కోపముంటే నన్ను తిట్టాల్సింది."

"ఏం పెట్టేవారు వాడికి?"

ఆయన లోపలి నుంచి ప్లాస్టిక్ నేత సంచి తెచ్చాడు. పది కిలోలది, సగం ఖాళీ. "మన కుక్కల తిండి షాపు బాబాయి దగ్గరదే. నెల క్రితం ఈ కంపెనీ తిండిలో ఏదో విటమిన్ ఎక్కువైందని వెనక్కి పిలిచారు కదా. నాకూ అనుమానమొచ్చి తేదీ చూసుకున్నాను. ఆ లిస్టులో ఉన్నది వేరే తేదీ. డాక్టరూ చూశాడు. ఇది మంచిదే."

డిటెక్టివమ్మ సంచి మూతి వేళ్లతో తడిమింది. అంచు వంకరటింకరగా కోసి ఉంది. "కత్తెరతో కోశారా?"

"ఏం చేయను? ఇదివరకు దారం కొస పట్టి లాగితే సర్రున ఊడొచ్చేది. ఈసారి ఎంత లాగినా రాలేదు."

"కోసిన ముక్క పారేశారా?"

"చెత్తబుట్టలోనే ఉందనుకుంటా. వాడు పోయాక ఇల్లు ఊడవలేదమ్మా."

ఆ ముక్కను డిటెక్టివమ్మ కవరులో వేసుకుంది. దానివల్ల ఒరిగేదేమిటో కాంపౌండరుకి అర్థం కాలేదు. కానీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

నర్సు ఇంట్లో నేల మీద గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. దాని పక్కనే నాలుగేళ్ల పాప దాని చెవి నిమురుతూ కూర్చుంది. నర్సు కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి.

"నా భయం కుక్క గురించే కాదండీ," అంది గొంతు తగ్గించి. "మా పాప దాని గిన్నెలోంచి తీసుకు తినేస్తుంది. రెండుసార్లు చూశాను. ఎవరైనా గిన్నెలో మందు కలిపి ఉంటే నా పిల్ల సంగతేంటి? హాస్పిటల్లో అందరి పిల్లల్నీ చూసే నేను నా పిల్లని చూసుకోలేకపోయానే!"

"ఈరోజే పాప రక్తపరీక్ష చేయించండి. కాల్షియం చూడమనండి," అంది డిటెక్టివమ్మ. "ఆ గిన్నె, సంచి పక్కన పెట్టేయండి. మీ సంచి ఎలా తెరిచారు?"

నర్సు వింతగా చూసింది. "కూరల కత్తితో. ఎందుకూ?"

"ఊరికే. ఈ వీధిలో ఇంకెవరికైనా కుక్క ఉందా?"

"ఇస్త్రీ చేసే అతనికి ఉంది. అది టైలరమ్మ గుమ్మంలోనే పడుకుంటుంది. దానికి మాత్రం ఏమీ కాలేదు. ఇదే కంపెనీ తిండి తింటుంది, కాకపోతే సంచి కొనడు, బాబాయి దగ్గర కిలో చొప్పున విడిగా తెచ్చుకుంటాడు. తన గుమ్మంలో కుక్కని వదిలేసి మావాటినే చంపుతోందని అందుకే అంటున్నారు అందరూ."

కాంపౌండరుకి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. టైలరమ్మ మీద అతనికి జాలి కలిగింది కానీ, లెక్క మాత్రం ఆవిడవైపే తిరుగుతోంది.

*

పశువుల డాక్టరు మొహమాటం లేని మనిషి. "రెండింటి రక్తంలోనూ కాల్షియం విపరీతంగా పెరిగింది. దాంతో కిడ్నీలు దెబ్బతింటాయి. డి విటమిన్ మితిమీరితే ఇలా అవుతుంది. ఒక రకం ఎలుకల మందులో ఉండేది కూడా అదే. సంచి తేదీ లిస్టులో లేదు కాబట్టి ఎలుకల మందన్నాను."

"ఒక రకం అన్నారు. మిగతా రకాలు?"

"అవి వేరు. రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. కుక్కలు లోపల రక్తస్రావమై పోతాయి."

టైలరమ్మ దగ్గర తీసుకున్న ఎలుకల మందు పెట్టె మీది చిన్న అక్షరాలు కాంపౌండరు దారిలోనే చదివాడు. అది రెండో రకం. సీలు కూడా తీయలేదు. అతని ప్రాణం లేచొచ్చింది.

"మరి ఎవరమ్మా?" అన్నాడు రోడ్డెక్కగానే.

"ఎవరని అడిగేముందు ఎక్కడని అడుగు. మందు గిన్నెలో పడిందా, సంచిలోనే ఉందా? పద, షాపు చూద్దాం."

షాపు బాబాయిని ఆ చుట్టుపక్కల ఇష్టపడని వాళ్లు లేరు. అరవై ఏళ్ల మనిషి. కుక్కల్ని వాటి పేర్లతో, యజమానుల్ని కుక్కల పేర్లతో గుర్తుపెట్టుకుంటాడు. షాపులో గోడ పొడవునా సంచులు, కౌంటరు పక్కన విడి తిండి డబ్బా, పైన వరసగా వేలాడుతున్న పట్టీలు, మెడబెల్టులు. కౌంటరు కింద ఒక ముసలి ఆడకుక్క ఒత్తిగిల్లి పడుకుంది.

"రండమ్మా, రండి! సిపాయి సంగతేనా? కడుపు తరుక్కుపోయిందనుకోండి. వాణ్ణి అరచేతిలో ఇమిడేటప్పట్నుంచీ చూశాను." మాట్లాడుతూనే వంగి, కుక్క ముందున్న గిన్నెలో నీళ్లు పోశాడు.

"వెనక్కి పిలిచిన సంచుల్ని ఏం చేశారు?"

"వాళ్లు చెప్పినట్టే చేశానమ్మా. సంచి మీది తేదీ చీటీ కత్తిరించి పంపించి, సరుకు గోతిలో పూడ్చేయమన్నారు. ఇరవై ఒక్క చీటీలు పంపాను. బదులు కొత్త సంచులొచ్చాయి."

"ఈ పట్టీలు బాగున్నాయే. ఎక్కడ తెప్పిస్తారు?"

బాబాయి మొహం వెలిగింది. "తెప్పించడమేంటమ్మా! కాన్వాసు గుడ్డ తెచ్చి నేనే కుడతాను. వెనకగదిలో మిషనుంది. ఏనుగు లాగినా తెగవు." ఈలోగా గిన్నె ఖాళీ అయింది. మళ్లీ నింపాడు. "ఎండలకి దీనికి దాహం ఎక్కువైంది."

డిటెక్టివమ్మ ఒక పట్టీ కొంది. బయటికొచ్చాక కాంపౌండరు ఉండబట్టలేకపోయాడు.

"మనకి కుక్క లేదు కదమ్మా?"

"నిన్ను కట్టేయడానికిలే," అంది ఆవిడ.

*

మర్నాడు పొద్దున్నే వాళ్లు కంపెనీకి వెళ్లారు. నాణ్యత చూసే అధికారిణి చిన్న వయసుది. నెల రోజులుగా నిద్ర లేనట్టు కళ్లకింద చారలు. దాచకుండా చెప్పింది.

"మేం కొనే విటమిన్ పొడి ఈసారి పదింతలు గాఢమైనది వచ్చింది. చీటీ మీద రాసే ఉంది. మావాళ్లు చూడకుండా పాత కొలతతోనే కలిపేశారు. ఒక్కరోజు సరుకు అది. తెలిసిన వెంటనే వెనక్కి పిలిచాం. తప్పు మాదే."

డిటెక్టివమ్మ పోస్టుమాస్టరు సంచిలోంచి తెచ్చిన గింజలు పరీక్షకిచ్చింది. మధ్యాహ్నానికి ఆ అమ్మాయి కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఇందులోనూ అంతే ఉంది! కానీ తేదీ మంచిదే. ఆ తేదీ సరుకులోంచి మేం దాచిన నమూనా ఇప్పుడే మళ్లీ చూశాను. అది శుభ్రంగా ఉంది. ఎలా సాధ్యం?"

"మీ సంచులు మూతి కుట్టేది చూడొచ్చా?"

సంచులు బెల్టు మీద వచ్చి, మిషను కింద నుంచి ఒక్క తెల్ల దారంతో మూతి కుట్టించుకుని పోతున్నాయి. డిటెక్టివమ్మ ఒక దారం కొస పట్టి లాగింది. కుట్టు మొత్తం సర్రున ఊడిపోయింది. ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు కదలడం కాంపౌండరు చూశాడు. ఆ నవ్వు వచ్చిందంటే కేసు సగం తేలిపోయినట్టే.

అక్కణ్ణుంచి నేరుగా టైలరమ్మ ఇంటికి వెళ్లారు. డిటెక్టివమ్మ కవర్లోని ముక్క ఆవిడ చేతిలో పెట్టింది. "మీ పని మీకే తెలుసు. ఇదేమిటో చెప్పండి."

టైలరమ్మ వెలుగులోకి వెళ్లి, ముక్కను తిరగేసి మరగేసి చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ మొహంలో రంగులు మారాయి. దారం కొస పట్టి ఒకసారి లాగి చూసింది.

"ఇది ఫ్యాక్టరీ కుట్టు కాదండీ," అంది చివరికి. "అది గొలుసు కుట్టు, కొస లాగితే విడిపోతుంది. ఇది పైదారం, బాబిన్ దారం ఒకదాన్నొకటి పట్టుకున్న కుట్టు. లాగితే రాదు. నా మిషను లాంటి దానిమీదే కుట్టారు." ముక్క అంచుని వేలితో చూపించింది. "పైన చూడండి, పాత సూది కన్నాలు ఖాళీగా ఉన్నాయి. విప్పి మళ్లీ కుట్టారు. ఈ మాట చెబితే నామీదికే వస్తుందని తెలుసు. కానీ ఉన్నది అదే."

కాంపౌండరు రాయడం ఆపేశాడు. వీధి మొత్తానికి కుట్టుమిషను ఉన్నది ఈవిడకే. డిటెక్టివమ్మ మాత్రం ముందుకు వంగి, టైలరమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రేపు మధ్యాహ్నం మీ గది నాకు అరువివ్వండి. అందరినీ ఇక్కడికే పిలుస్తాను."

*

కుట్టుగది ఇరుకైపోయింది. పోస్టుమాస్టరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నర్సు పాపను ఒళ్లో పెట్టుకుంది. పాప రక్తంలో కాల్షియం మామూలుగానే ఉందని ఆ పొద్దున తెలిసింది. పశువుల డాక్టరు, కంపెనీ అధికారిణి, స్టేషను నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబులు బల్ల మీద సర్దుకున్నారు. డిటెక్టివమ్మ తెమ్మన్నందుకు షాపు బాబాయి తన ముసలి కుక్క రాణిని చేతులమీద మోసుకొచ్చాడు.

డిటెక్టివమ్మ గొంతు పెంచలేదు. "సిపాయిని చంపింది ఎలుకల మందు కాదు. ఈ ఇంట్లో ఉన్నది రక్తం గడ్డకట్టనివ్వని రకం. సిపాయి రక్తంలో పెరిగింది కాల్షియం. అంటే డి విటమిన్. అది గిన్నెలో పడలేదు, సంచిలోనే ఉంది. కంపెనీ పరీక్షలో తేలింది. మరి మంచి తేదీ ఉన్న సంచిలోకి చెడ్డ తిండి ఎలా వచ్చింది? కంపెనీ లిస్టు తప్పయినా కావాలి, సంచి అబద్ధమైనా కావాలి. వాళ్లు దాచిన నమూనా బాగుంది కాబట్టి లిస్టు తప్పు కాదు."

"సంచి అబద్ధమాడడమేంటి?" అన్నాడు పోస్టుమాస్టరు.

"మీరూ, నర్సమ్మా సంచిని కోసి తెరిచారు. ఎందుకంటే దాన్ని ఎవరో విప్పి, వేరే తిండి నింపి, మళ్లీ కుట్టారు. ఆ సంగతి కనిపెట్టింది నేను కాదు, టైలరమ్మ. తన మీదికే నేరం వస్తుందని తెలిసీ చెప్పింది."

అందరి తలలూ టైలరమ్మ మిషను వైపు తిరిగాయి. డిటెక్టివమ్మ సంచి ముక్కను మిషను పక్కన పెట్టింది. "చూడండి. ఈ మిషను సూది రవికలు కుట్టేది. ఈ కన్నాలు దానికి మూడింతలున్నాయి. ఈ దారం దీని బాబిన్లో పట్టదు. ఇప్పుడిది చూడండి." తన చేతిసంచిలోంచి కొత్త పట్టీ తీసి ముక్క పక్కన పరిచింది. అదే గోధుమరంగు దారం. అదే లావు. అంగుళానికి అవే ఐదు కుట్లు.

అందరి చూపులూ బాబాయి మీదికి మళ్లాయి. ఆ పట్టీ ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది. కాంపౌండరు నోరెళ్లబెట్టి, వెంటనే మూసుకున్నాడు.

"విడి తిండి తిన్న ఇస్త్రీ అతని కుక్క ఎందుకు బాగుంది?" డిటెక్టివమ్మ బాబాయి వైపు తిరిగింది. "మంచి సంచులు మీరు డబ్బాలోకి గుమ్మరించి కిలోల లెక్కన అమ్మారు. ఖాళీ అయిన ఆ సంచుల్లోకి, పూడ్చేయాల్సిన తిండి నింపి కుట్టారు. అవునా?"

బాబాయి కుక్కని ఒళ్లోకి లాక్కున్నాడు. "విటమినేగా అమ్మా!" అన్నాడు, బతిమాలుతున్నట్టు. "విషం కాదుగా! ఎక్కువైతే ఇంకా బలం అనుకున్నాను. అంత తిండి గోతిలో పోయడానికి చేతులు రాలేదు. ఒట్టు, ముందు నా రాణికే పెట్టాను. వారం చూశాను. ఏమీ కాలేదు. అప్పుడే అమ్మాను."

"ఇప్పటికీ అదే పెడుతున్నారా?"

"అదే..."

"మొన్న మీ షాపులో పావుగంట కూర్చున్నాను. రాణి గిన్నె రెండుసార్లు నింపాల్సి వచ్చింది."

ఆ మాట బాబాయికి చేరడానికి క్షణం పట్టింది. ఒళ్లోని కుక్క వైపు చూశాడు. పోస్టుమాస్టరు వైపు చూశాడు. గిన్నె నింపిన ఐదు నిమిషాల్లో ఖాళీ అయ్యేదని ఆయన అదే షాపులో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! బాబాయి రాణి ముక్కు తడిమి చూశాడు. పశువుల డాక్టరు లేచి వచ్చి, కుక్క చిగుళ్లు చూసి, అతని చేతుల్లోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు.

"సెలైను ఎక్కించాలి. ఇప్పుడే," అన్నాడు.

"బతుకుతుందా డాక్టరుగారూ?"

"చెప్పలేను."

"మీకు కుక్కలంటే ప్రేమ అని నేను నమ్ముతాను," అంది డిటెక్టివమ్మ. "కానీ ఒక్క సంగతి చెప్పండి. బలమనే అనుకుంటే, బలం ఎక్కువున్న తిండి అని చెప్పి అమ్మొచ్చుగా? మంచి తేదీ వెనకాల దాచి మూతి ఎందుకు కుట్టారు?"

బాబాయి భుజాలు కుంగిపోయి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. పోస్టుమాస్టరు అతని వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తర్వాత టైలరమ్మ వైపు తిరిగి, అంతమంది ముందు చేతులు జోడించాడు. "నన్ను క్షమించమ్మా. నోటికొచ్చినట్టు మాట్లాడాను." టైలరమ్మ ఆయన జోడించిన చేతుల్ని పట్టుకుని కిందికి దించింది.

హెడ్ కానిస్టేబులు లేవబోయాడు. డిటెక్టివమ్మ చెయ్యి అడ్డుపెట్టింది. "ఒక్క పది నిమిషాలు. బాబాయ్, ఆ సంచులు ఎవరెవరు కొన్నారో చెప్పండి. మీకు అందరూ గుర్తే."

బాబాయి కళ్లు తుడుచుకుని చెప్పసాగాడు. తడుముకోలేదు. కుక్క పేరు, ఇల్లు, మెట్లు ఎక్కాలా వద్దా, కుక్క కరుస్తుందా లేదా, అన్నీ చెప్పాడు. రాణికి పెట్టింది పోగా ఇరవై సంచులు, ఇరవై ఇళ్లు. ఈ వీధిలోవి పోగా పద్దెనిమిది. కాంపౌండరు రాసుకుంటూ, మనిషి ఇంత మంచివాడుగా ఉండి ఇలాంటి పని ఎలా చేయగలిగాడా అనుకున్నాడు.

*

ఆ సంచులు వెనక్కి తేవడానికి కంపెనీ వ్యాను పెట్టింది. కానీ సందుల్లోకి వ్యాను పోదు. కాంపౌండరు, టైలరమ్మ, నర్సు తలో దిక్కూ నడిచారు. డిటెక్టివమ్మ కూడా కూర్చోలేదు. ఏడిళ్లలో కుక్కలు అప్పటికే నీరసపడి ఉన్నాయి. వాటిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపారు. ఇంకా టైముందని ఆయన కబురు చేశాడు.

"మీరు పట్టీ కొన్నప్పుడే బాబాయి మీద అనుమానమా?" మెట్లెక్కుతూ అడిగాడు కాంపౌండరు.

"అనుమానం కాదు. కోసిన సంచులు చూశాక, లావు దారం కనిపిస్తే కొనకుండా ఉండలేను. అంతే."

"మీ బుర్రే బుర్రమ్మా!" ఆరేళ్లుగా లోపలే దాచుకున్న మాట అది. అనేశాక అతనికే సిగ్గేసింది.

"నా బుర్ర సంగతి వదిలేయ్. ఆ ముక్క పట్టుకుని వెలుగులోకి నడిచిందే, ఆ టైలరమ్మ, ఆ నిమిషంలో ఆవిడ ఒక్క అబద్ధమాడుంటే మనం ఇంకా ఆ వీధిలోనే తిరుగుతుండేవాళ్లం. రాసేటప్పుడు అది రాయి."

ఆఖరి ఇల్లు మూడో అంతస్తు. ఒక ముసలాయన తలుపు తీశాడు. కాళ్ల మధ్య నుంచి రెండు నెలల కుక్కపిల్ల తోసుకుని బయటికొచ్చి కాంపౌండరు ప్యాంటు పట్టుకుంది.

"సంచా? ఇంకా తెరవలేదే," అన్నాడు ముసలాయన. "ఇంతకాలం పాలన్నంతో సరిపెట్టాను. రేపటి నుంచి పెడదామనుకుంటున్నా."

సంచి తలుపు వారగా, మూతి చెక్కుచెదరకుండా ఉంది. కాంపౌండరు దాన్ని భుజానికెత్తుకున్నాడు. పది కిలోలు బరువనిపించలేదు. డిటెక్టివమ్మ లిస్టులో చివరి గీత గీసి, వంగి, కుక్కపిల్ల నోట్లోంచి అతని ప్యాంటు విడిపించింది. అది వెంటనే ఆవిడ కొంగు పట్టుకుంది.

"వదలవే, భడవా!" అంది ఆవిడ. కానీ లాక్కోలేదు. అది తనంతట తాను వదిలేదాకా ఆ మెట్ల మీదే కూర్చుండిపోయింది.